మూడు ఏఐ అసిస్టెంట్లకు ఒకే ఛార్జ్ లిస్ట్: నా అనుభవం

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. చాట్‌జీపీటీ, క్లాడ్, జెమిని మూడూ వాడతాను. లెసన్ ప్లాన్‌కు ఒకటి బాగుంటుంది, వర్క్‌షీట్లకు ఇంకొకటి, బోర్డు మీద గీసిన పటం ఫోటో తీసి అడగాలంటే మరొకటి. ఒక్కటి చాలదా అని స్టాఫ్‌రూమ్‌లో అడుగుతుంటారు. ఉచితంగా వాడేటప్పుడు ఒకదాని కోటా అయిపోతే పని మధ్యలో ఆగిపోతుంది, రెండోదాన్ని తెరవక తప్పదు. తెరిచాక అసలు కష్టం మొదలవుతుంది. ఏ తరగతి, ఏ పుస్తకం, ఎందాకా చెప్పాం, ఎలా చెబితే మా పిల్లలకు ఎక్కుతుంది, ఇవన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పుకురావాలి. ఈ కష్టం తప్పించుకోవడానికి మూడింటికీ ఇవ్వగలిగే ఒక పేజీ ఫైల్ రాసుకున్నాను, ఛార్జ్ లిస్ట్ అంటే అదే.

చెప్పకపోతే ఏమవుతుందో కటకాల (లెన్సుల) పాఠం దగ్గర చూశాను. మా పుస్తకంలో ఉన్నది కార్టీజియన్ సంజ్ఞా సంప్రదాయం. కాంతి ప్రయాణించే దిశకు వ్యతిరేకంగా కొలిచే దూరం మైనస్. కుంభాకార కటకం ముందు 15 సెంటీమీటర్ల దూరంలో వస్తువు ఉంటే వస్తు దూరం మైనస్ 15 అని రాస్తాం, కటక సూత్రంలో మధ్యన మైనస్ గుర్తు ఉంటుంది. నాభ్యంతరం 10 అయితే ప్రతిబింబం 30 సెంటీమీటర్ల దగ్గర ఏర్పడుతుంది. కొత్తగా తెరిచిన అసిస్టెంట్ ఇదే లెక్కను ఇంకో పద్ధతిలో చేసింది. అందులో నిజ వస్తువులకు, నిజ ప్రతిబింబాలకు దూరాలన్నీ ప్లస్సే, సూత్రం మధ్యలోనూ ప్లస్సే. దానికీ జవాబు 30 వచ్చింది. ఆ పద్ధతి వాడే పుస్తకాలూ ఉన్నాయి కాబట్టి దాన్ని తప్పనలేం. కానీ మా పదో తరగతి పిల్ల ఎవరైనా ఆ వర్క్‌షీట్‌లోని ప్లస్ సూత్రం తీసుకుని, నేను నేర్పిన మైనస్ 15ను అందులో వేస్తే 6 వస్తుంది. ఎక్కడ తేడా కొట్టిందో ఆ పిల్లకు తెలియదు. తనకే లెక్కలు రావనుకుంటుంది. నాకు అదే బాధ. జిరాక్స్‌కు ఇచ్చేముందు ప్రతి వర్క్‌షీటూ చేసి చూస్తాను కాబట్టి ఇది పిల్లల దాకా పోలేదు.

అప్పుడు ఈ అసిస్టెంట్లు మన మాటలు గుర్తుపెట్టుకునే మెమరీ అనేది ఎలా పనిచేస్తుందో ఓపిగ్గా చదివాను. మనం చెప్పిన మాటలు అసిస్టెంట్ వెనకుండి జవాబులు రాసే మోడల్ లోపల ఎక్కడో ముద్రపడి ఉండవు. మన గురించి రాసిపెట్టుకున్న కొన్ని వాక్యాలు, పాత సంభాషణల్లోంచి వెతికి తెచ్చిన కొన్ని ముక్కలు విడిగా ఉంటాయి. మనం ప్రశ్న అడిగినప్పుడు వాటిని కూడా ఆ ప్రశ్నతో కలిపి మోడల్‌కు పంపుతారు. అంటే అది మామూలు టెక్స్ట్. టెక్స్ట్ అయితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లొచ్చు. ఇది అర్థమయ్యాక సగం టెన్షన్ తగ్గింది.

ముందు నేను ఎక్కువకాలంగా వాడుతున్న అసిస్టెంట్‌నే అడిగాను. "నా గురించి నువ్వు గుర్తుపెట్టుకున్నవన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, కుదించకుండా రాయి" అన్నాను. పెద్ద జాబితా ఇచ్చింది. పనికొచ్చేవి ఉన్నాయి, కాలం చెల్లినవీ ఉన్నాయి. నిరుటి తొమ్మిదో తరగతి ఇంకా తొమ్మిదిలోనే ఉంది. అమ్మ షుగర్ మాత్రల గురించి ఎప్పుడో అడిగిన మాట ఉంది. నేను ఇంటర్‌కు కెమిస్ట్రీ చెబుతానని కూడా ఉంది. బంధువులబ్బాయి కోసం ఒక సందేహం అడిగితే, దాన్నిబట్టి అలా ఊహించుకుంది. అందుకే అది చెప్పినదాన్ని సెట్టింగ్స్‌లోని మెమరీ పేజీతో పోల్చి చూసుకోవాలి. చాట్‌జీపీటీలో అయితే సేవ్ చేసిన వాక్యాలు ఆ పేజీలో కనిపిస్తాయి గానీ, పాత సంభాషణల నుంచి ఏరుకునేదంతా అక్కడ కనిపించదు. ఇంకో సంగతి. సంభాషణను డిలీట్ చేసినంత మాత్రాన అందులోంచి సేవ్ అయిన వాక్యం పోదు, దాన్ని విడిగా తీసేయాలి. అమ్మ మందుల సంగతి అలాగే తీసేశాను.

తర్వాత సంభాషణలన్నీ ఎక్స్‌పోర్ట్ చేశాను. చాట్‌జీపీటీలో డేటా కంట్రోల్స్ కింద ఆ ఆప్షన్ ఉంటుంది. మెయిల్‌కు లింక్ వస్తుంది, 24 గంటల్లో దాని గడువు అయిపోతుంది కాబట్టి వెంటనే దించుకోవాలి. క్లాడ్‌లోనూ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంది, జెమినికైతే మన డేటా దించుకోవడానికి గూగుల్ టేకౌట్ ఉంది. ఈ ఫైల్ మొత్తం కొత్తదానికి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. మోడళ్లు మాటల్ని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని చదువుతాయి, ఒకసారికి ఇన్ని టోకెన్లే అని హద్దు ఉంటుంది. తెలుగుకు ఆ ముక్కలు ఎక్కువ పడతాయి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్ వచ్చినప్పుడు, చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో ఒకే చిన్న పరిచయం ఇంగ్లీషులో 27 టోకెన్లు ఉండేది 24 అయింది, తెలుగులో 159 ఉండేది 45 అయింది. ఎంతో మెరుగు, నాకు సంతోషమే. అయినా ఆ లెక్కన తెలుగులో మాట్లాడేవాళ్ల సంభాషణ ఇంగ్లీషుదానికి దాదాపు రెట్టింపు చోటు తింటోంది. చోటు దొరికినా, మనం వద్దనుకుని వదిలేసిన పాత ప్లాన్లు కూడా అందులో ఉంటాయి. వాటిని కూడా ఇప్పటి మాటే అనుకుని పట్టుకుంటుంది.

కాబట్టి మనమే ఏరి రాయాలి. బదిలీ మీద వెళ్లే హెడ్మాస్టర్ వచ్చినవారికి ఛార్జ్ అప్పగిస్తారు కదా, అలా. ఏ రిజిస్టర్ ఎక్కడుంది, బీరువాలో ఏముంది, ఏ పని పెండింగ్‌లో ఉంది అన్నంతవరకే. ఇన్నేళ్లలో జరిగినదంతా చెప్పుకుంటూ కూర్చోరు. నా ఫైల్‌కు ఆ పేరే పెట్టాను, ఛార్జ్ లిస్ట్ అని. ఒక పేజీ దాటనివ్వను. మామూలు టెక్స్ట్ ఫైలే, ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది.

అందులో కొన్ని వాక్యాలు ఇలా ఉంటాయి: "పదో తరగతి, ఫిజికల్ సైన్స్. పుస్తకం ద్విభాషా పుస్తకం, పిల్లలు ఇంగ్లీషు మీడియం, వివరణ తెలుగులో ఇస్తే అర్థం చేసుకుంటారు. పదాలు పుస్తకంలో ఉన్నవే వాడాలి. దర్పణాలు, కటకాలు: కార్టీజియన్ సంప్రదాయం మాత్రమే. ల్యాబ్‌లో ఉన్నవి: కుంభాకార కటకాలు, అమ్మీటర్, వోల్ట్‌మీటర్, నిక్రోమ్ తీగ. లేనివి అడగొద్దు. ఈ వారం: శ్రేణి సంధానం అయింది, సమాంతర సంధానం మొదలుపెట్టాలి." ప్రతి వాక్యానికీ చివర తేదీ వేస్తాను. తేదీ లేకపోతే ఏది పాతదో ఏది కొత్తదో దానికే కాదు, కొన్నాళ్లకు నాకూ తెలియదు.

పరీక్షించి చూడటం ముఖ్యం. పాత మెమరీ సాయం చేయకుండా టెంపరరీ చాట్ తెరిచి, ఛార్జ్ లిస్ట్ ఒక్కటే ఇచ్చి, అదే కటకం లెక్క అడిగాను. మూడూ మైనస్‌తోనే మొదలుపెట్టాయి. అయితే సంభాషణ పొడవైన కొద్దీ ఒకటి మళ్లీ ప్లస్ పద్ధతిలోకి జారింది. నియమం ఒక్కటే రాస్తే చాలలేదన్నమాట. ఫైల్‌లో ఆ లెక్కను మొదటినుంచి చివరిదాకా, ఆవర్ధనం (ప్రతిబింబం వస్తువుకు ఎన్ని రెట్లో చెప్పేది) మైనస్ 2 వచ్చేవరకు, చేసి పెట్టాను. అప్పటినుంచి జారడం బాగా తగ్గింది. ఇలాంటివాటికి వంద సూచనల కంటే మనం చేసి చూపిన ఒక్క లెక్క ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ఫైల్ ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. చాట్‌జీపీటీలోనూ క్లాడ్‌లోనూ ప్రాజెక్ట్స్ ఉన్నాయి, జెమినిలో జెమ్స్ ఉన్నాయి. ఒకసారి అక్కడ పెడితే అందులో తెరిచే ప్రతి కొత్త సంభాషణకూ అదే ఆధారం. పని ముగిసేటప్పుడు మాత్రం ఒక మాట అడుగుతాను: "ఈ రోజు తేల్చుకున్నవి, మిగిలిపోయినవి, వద్దనుకున్నవి విడివిడిగా రాయి." అది రాసినదాన్ని యథాతథంగా ఫైల్‌లో వేయను. చదివి, నిజమైనవే నా మాటల్లో చేరుస్తాను. వద్దనుకున్నవి కూడా రాయించడం మరవకండి. లేకపోతే రెండో అసిస్టెంట్ అదే సలహాను కొత్తగా తెచ్చి ఇస్తుంది.

ఇదంతా చేత్తో ఎందుకు అని మా తమ్ముడు ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) గురించి చెప్పాడు. క్లాడ్ కంపెనీ ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో విడుదల చేసిన ఓపెన్ ప్రమాణం అది. అసిస్టెంట్లు బయటి ఫైళ్లతో, సాధనాలతో మాట్లాడటానికి ఉమ్మడి పద్ధతి. 2025లో ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా దానికి మద్దతిచ్చాయి. దాంతో మన కంప్యూటర్‌లోనే ఒక మెమరీ ఫైల్ పెట్టి, అసిస్టెంట్లు అందులో రాసేలా, చదివేలా చేయొచ్చు. తమ్ముడు పెట్టి చూపించాడు, బాగుంది. కానీ ఒకటి తప్పుగా రాసుకున్నది మిగతావాటికీ పాకుతుంది. ఎవరో ఇచ్చిన పత్రంలో దాచిన దురుద్దేశపు సూచన కూడా అలాగే పాకే ప్రమాదం ఉంది. రోజూ కోడ్ రాసేవాళ్లకు అది అవసరమేమో, నాకు ఒక పేజీ ఫైల్ చాలు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబర్ మార్చకుండా మొబైల్ కంపెనీ మారే హక్కు మనకు ఉంది. యూరప్‌లో డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 20వ అధికరణ వ్యక్తిగత డేటాను వెంట తీసుకెళ్లే హక్కు ఇచ్చింది. మన దగ్గర 2019 వ్యక్తిగత డేటా రక్షణ బిల్లులో ఆ హక్కు ఉండేది, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో (డీపీడీపీ) లేదు. చూసుకునే హక్కు, సవరించుకునే హక్కు, తొలగించమనే హక్కు ఉన్నాయి గానీ వెంట తీసుకెళ్లే హక్కు లేదు. ఇవాళ కంపెనీలు ఎక్స్‌పోర్ట్ ఇస్తున్నాయి, కొన్నిచోట్ల పాతదాని నుంచి మెమరీ దిగుమతి చేసుకునే దారి కూడా ఇస్తున్నాయి. మంచిదే. కానీ అది వాళ్ల ఇష్టం మీద ఆధారపడి ఉండకూడదు. చట్టంలో ఉండాలి.

ఇక పిల్లల సంగతి. ఆ చట్టం ప్రకారమే 18 ఏళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఛార్జ్ లిస్ట్ మూడు చోట్లకు వెళ్లే కాగితం కాబట్టి అందులో పిల్లల పేర్లు, మార్కులు, ఇంటి పరిస్థితులు ఏవీ ఉండవు. మార్కుల రిజిస్టర్ ఫోటో ఏ అసిస్టెంట్‌కూ ఇవ్వను. "సూత్రం తెలుసు, గుర్తు దగ్గర తడబడతారు" అని ఒక గుంపు, "భిన్నాల దగ్గరే ఆగిపోతారు" అని ఇంకో గుంపు, ఇంతే రాస్తాను. ఎవరు ఏ గుంపులో ఉన్నారో నా నోటుపుస్తకంలో ఉంటుంది. వర్క్‌షీట్ తయారుకావడానికి గుంపు తెలిస్తే చాలు.