నేను ఖాళీగా వదిలేసిన గడి

"అది సరే తల్లీ, మీ మెంబరు ఎవరు? ఆయన్ని అడగలేదా?"

ఫోన్‌లో నాన్న అడిగిన ఈ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో నాన్న రెండుసార్లు వార్డు మెంబరుగా చేశారు. తూము పూడిపోయినా, వీధి లైటు వెలగకపోయినా జనం పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. టెక్సస్‌లో మా రోడ్డు కింద తూము పొంగి, స్కూల్ బస్సు పిల్లల్ని ఎక్కించుకోకుండానే వెనక్కి తిరిగిపోయిందంటే ఆయనకి వచ్చిన మొదటి సందేహం అదే.

ఇది 2024 మే సంగతి. మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఏ సిటీ హద్దులోకీ రాని చోట. స్థలం ఎక్కువ, సిటీ పన్ను ఉండదు అని 2013లో అక్కడ ఇల్లు కొన్నాం. అలాంటి చోట రోడ్డు వేసేది కౌంటీ (మన జిల్లా లాంటిది), పోలీసు అంటే కౌంటీ షెరిఫే. అప్పటికి పదకొండేళ్ళుగా కౌంటీకి ఆస్తిపన్ను కడుతున్నా ఆ సంగతి నాకు సరిగ్గా తెలియదు. మొదట పక్క సిటీకి ఫోన్ చేస్తే ఆ రోడ్డు మాది కాదన్నారు. తర్వాత చేసిన ఆఫీసు ఇంకో ఆఫీసు నంబరు ఇచ్చింది. అక్కడ కంప్లయింటు రాసుకున్నారు. మూడు వారాలు ఎవరూ రాలేదు.

నాన్నతో మాట్లాడాక పర్సులోంచి ఓటరు కార్డు తీసి చూశాను. ఒక్కో పదవికి ఒక్కో గడి, ఆ గడిలో ఒక అంకె ఉన్నాయి. కమిషనర్ అన్న గడిలో 4 ఉంది. టెక్సస్‌లోని 254 కౌంటీల్లో ప్రతిదాన్నీ నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగం నుంచి ఒక కమిషనర్ని ఎన్నుకుంటారు. వాళ్ళు నలుగురూ, కౌంటీ అంతా కలిసి ఎన్నుకున్న కౌంటీ జడ్జీ కూర్చునే సభ పేరు కమిషనర్స్ కోర్ట్. పేరుకి కోర్టే గానీ పనిని బట్టి మన జిల్లా పరిషత్తుకి దగ్గర. బడ్జెట్టు, పన్ను రేటు, రోడ్లు, జైలు ఖర్చు అన్నీ అక్కడే తేలుతాయి.

నాలుగో భాగం కమిషనర్ ఎన్నిక 2022 నవంబర్‌లో జరిగింది. అది నా మొదటి ఓటు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, ఆ ఏప్రిల్‌లో పౌరసత్వ ప్రమాణం చేశాను. టెక్సస్‌లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ లేదు, కాగితం మీద సంతకం పెట్టి పోస్టులో పంపాలి. ఆ ఏడాది అక్టోబర్ 11 ఆఖరి తేదీ అయితే, నేను జూన్‌లోనే పంపేశాను. అంత ఆత్రం. తీరా బూత్‌లో గవర్నర్ దాకా చకచకా నొక్కుకుంటూ పోయాను. కింద జడ్జీలు, క్లర్కులు, కమిషనర్లు, ఎప్పుడూ వినని పేర్లు. ఒక్క మీటతో పార్టీకంతా ఓటేసే పద్ధతి టెక్సస్‌లో 2020 నుంచి లేదు. తెలియనివాళ్ళకి వెయ్యడం కన్నా మానేయడమే మర్యాద అనుకుని ఆ గళ్ళన్నీ ఖాళీగా వదిలేశాను. మా రోడ్డు సంగతి చూడాల్సిన మనిషి ఆ గళ్ళల్లోనే ఉన్నాడు. కార్డు చేతిలో పట్టుకుని ఆ రాత్రి చాలాసేపు బాధపడ్డాను.

జూన్‌లో సెలవు పెట్టి సభకి వెళ్ళాను. ముందుగా చీటీ రాసిస్తే మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. బస్సు తిరిగిపోయిన ఫొటో చూపించి చెప్పాను, గొంతు వణికింది. అయిదుగురూ విన్నారు, ఒక్కరూ బదులు చెప్పలేదు. ఇంత దూరం వచ్చి చెబితే పట్టించుకోలేదే అని కళ్ళు తిరిగినంత పనైంది. బయట ఒక పెద్దావిడ అసలు విషయం చెప్పారు. ముందుగా ప్రకటించిన ఎజెండాలో లేని విషయం మీద సభలో చర్చించకూడదని చట్టం ఉందట. కాబట్టి చెప్పి ఊరుకోకూడదు, ఎజెండాలో పెట్టించుకోవాలి. ఇది మొదటే తెలిసుంటే నాకు నెల రోజులు కలిసొచ్చేవి.

కమిషనర్ ఆఫీసుకి ఉత్తరం రాసి, మా రోడ్డు మీదున్న పద్నాలుగు ఇళ్ళవాళ్ళ సంతకాలు జతచేశాను. ఆగస్టులో బడ్జెట్ హియరింగ్ పెట్టారు. అక్టోబర్ 1 నుంచి మొదలయ్యే ఏడాదికి డబ్బు దేనికెంత అన్నది అక్కడ తేలుతుంది. కోట్ల డాలర్ల లెక్క చదువుతుంటే వినడానికి వచ్చిన జనం తొమ్మిదిమంది, మా రోడ్డు వాళ్ళం నలుగురితో కలిపి! వీకెండ్ పార్టీల్లో ఆస్తిపన్ను పెరిగిందని గంటల తరబడి మాట్లాడుకునే మనవాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ కనిపించలేదు. ఈసారి కమిషనర్ నేరుగా అడిగారు, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని. మోకాలి దాకా అన్నాను.

ఆ నవంబర్‌లో ఓటుకి వారం ముందు నమూనా బ్యాలెట్ దించుకుని వంటింటి బల్ల మీద పరిచాను. పోలింగ్ గదిలో ఫోన్ వాడనివ్వరు గానీ రాసుకున్న కాగితం తీసుకెళ్ళొచ్చు. షెరిఫ్, పన్ను వసూలు అధికారి, కానిస్టేబుల్ (ఇక్కడ ఇవన్నీ ఎన్నికయ్యే పదవులే), ఎవరు ఏం చేశారో చదివి పేర్లు తెలుగులో రాసుకున్నాను. మూడు రాత్రులు పట్టింది. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు.

2025 వేసవిలో పాత ఇనుప గొట్టం పీకేసి, దానికి రెండింతలున్న సిమెంటు తూము వేశారు. ఫొటో పంపి, మా కమిషనర్ పేరు నాన్నకి చెప్పాను. ఆయన ఆ పేరుని రెండుసార్లు పలికి చూసుకుని, "అయితే ఈసారి ఆయనకే వేస్తావన్నమాట" అన్నారు.

"ఆగస్టు బడ్జెట్ చూశాక చెబుతాను నాన్నా" అన్నాను.