నీళ్లు పైకొస్తే భయపడే చోట

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు. ఆస్ట్రేలియాలో, పెర్త్‌కి తూర్పున, గోధుమా గొర్రెలూ కలిపి చేసే ఒక పొలంలో నాలుగేళ్లుగా పని చేస్తున్నా. మా నాయన జీవాలు కాసిన మనిషి, గొర్రెల పని నాకు కొత్త కాదు. నేర్చుకోవాల్సి వచ్చింది నీళ్ల సంగతి.

మా ఊళ్లో ఐదారొందల అడుగులు బోరేసి, దుమ్ము తప్ప రాక తలపట్టుకున్నోళ్లని చూస్తూ పెరిగా. ఇక్కడ చేరిన వారమే యజమాని నన్ను పల్లపు చేలోకి తీసుకుపోయాడు. నేల తెల్లగా పొరకట్టి ఉంది, అచ్చం ఇస్కపల్లి ఉప్పు కొటార్ల పక్కన మాదిరి. సముద్రం చూస్తే ఎక్కడో దూరాన. భూమిలో దించిన ప్లాస్టిక్ గొట్టంలోకి, టేపు చివర కట్టిన బోలు ఇనప ముక్క వదిలాడు. నీళ్లకి తగిలి "టప్" మంది. 1.7 మీటర్ల లోతులోనే నీళ్లు. నాకు సంబరం, ఆయనకేమో మొహం మాడిపోయింది.

రాత్రి ఫోన్లో చెబితే నాయన నమ్మలా. "ఏందిరా అబ్బయా, నీళ్లు పైకొస్తే ఏడ్చే రైతు ఉంటాడా?"

ఉంటాడు. సముద్రపు గాలీ వానా మోసుకొచ్చిన ఉప్పు వేల ఏళ్లుగా ఈ నేల అడుగున పేరుకుని ఉంది. మన జామాయిల్ జాతి చెట్ల అడవి ఉన్నన్నాళ్లూ, పడిన వాన దాదాపు అంతా ఆ లోతు వేళ్లే తాగేసేవి. మనం తిట్టుకునే ఆ దాహమే ఇక్కడ నేలని కాపాడింది. అడవి కొట్టి గోధుమ వేశారు. అది కొన్ని నెలల పైరు, తాగగా మిగిలిన వాన కిందికి దిగి, నీటిమట్టం పెరిగి, ఉప్పుని కరిగించి పైకి తెస్తుంది. రెండు మీటర్ల లోపుకొస్తే నేలే దీపపు వత్తిలా పీలుస్తుంది. నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. వుడ్ అనే రైల్వే ఇంజనీరు ఈ సంగతి 1924లోనే రాశాడు. అయినా 1960ల్లో కూడా ఏటికి పది లక్షల ఎకరాల లెక్కన అడవి కొట్టించారే అని నాకు కడుపు మండుతుంది.

కాబట్టి ముందు పైనున్న మెరకలోనే వాన కిందికి దిగకుండా చూడాలి. అక్కడ లూసర్న్ అనే మేత పైరు వేశాం, అది ఏళ్ల తరబడి ఉండి లోతు నుంచి తాగుతుంది. తెల్లమచ్చకి కంచె కట్టి సాల్ట్‌బుష్ అనే ఉప్పునేల పొద నాటాం. బూడిద రంగు ఆకు, నాలిక్కి ఆనిస్తే ఉప్పగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్లో మేత లేనప్పుడు గొర్రెలకి అదే దిక్కు. కానీ ఎండు ఆకు బరువులో ఐదో వంతుకి అటూ ఇటూ ఉప్పే. పక్కన ఎండుగడ్డి ఉండాలి, తొట్టి నిండా మంచినీళ్లుండాలి. మొదటేడు తొట్టిలోకి నీళ్లు వదిలే తేలే బంతి ఇరుక్కుంటే నేను గమనించలా. తెల్లారి పోయేసరికి రెండొందల గొర్రెలు ఎండిన తొట్టిని నాకుతున్నాయి. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అప్పట్నించీ పొద్దున్నే ముందు తొట్టి దగ్గరికే పోతా.

కావలి దగ్గర మా మామ, రొయ్యల గుంట పక్కన చౌడెక్కిన మడికి ఆ విత్తనాలు పంపమన్నాడు. "నీది కింద నుంచి వచ్చిన ఉప్పు కాదు మామా, గుంట గట్టు నుంచి ఊరేది. ముందు గుంటకీ మడికీ మధ్యలో కాలవ తవ్వు" అన్నా.

మొన్న ఏప్రిల్లో అదే గొట్టంలో కొలిస్తే 2.2 మీటర్లు. నాయనకి ఫోన్ చేసి, నీళ్లు కిందికి పోయినాయని చెప్పా. కాసేపు ఏమీ అన్లేదు.

"మంచిదేలే అబ్బయా" అన్నాడు.