వచ్చినా రావచ్చు

నవంబరు, మంగళవారం. రాత్రి పదిన్నర.

పొద్దున పాలు పొంగే వేళకు ఫోను మోగింది. నెల్లూరు నుంచి అమ్మ. టీవీలో చెన్నై అన్న మాట వినపడితే చాలు, ఆవిడకు నేను గుర్తొస్తాను. "వాన ముదురుతుందేమోనే, బియ్యం డబ్బా నేల మీద ఉంచకు, ఎత్తుగా పెట్టుకో" అంది. మేముండేది రెండో అంతస్తు. మా బియ్యం డబ్బా దాకా నీళ్లు వచ్చాయంటే చెన్నైలో మా పేట వేళచ్చేరి సముద్రంలో కలిసిపోయినట్టే. ఆ మాటే అనబోయాను. "అలాంటి మాటలు అనకూడదు, తథాస్తు దేవతలుంటారు" అని ఫోను పెట్టేసింది.

అమ్మ ఎన్నడూ "మునిగిపోతుంది" అనదు, "మునుగుతుందేమో" అంటుంది. చివర ఏమో తగిలిస్తే దేవతలకు తథాస్తు అనే వీలు చిక్కదని ఆవిడ లెక్క కాబోలు. నాకు ఇవాళంతా ఆ ఏమోతోనే సరిపోయింది.

మా అపార్ట్‌మెంటు సంఘానికి ఈ ఏడు కార్యదర్శిని నేను. ఎవరూ ఎన్నుకోలేదు. మీటింగుకు ఆలస్యంగా వెళ్లాను, అప్పటికే నా పేరు రాసేసుకున్నారు. వానల నోటీసు రాయాల్సిన పని నా మీద పడింది. ఇరవై నాలుగు ఇళ్లలో ఎక్కువ మంది తమిళులు, తరువాత మలయాళీలు, మేము నాలుగు తెలుగు కుటుంబాలు, పై అంతస్తులో ఒక బెంగాలీ జంట. అందుకని నోటీసు ఇంగ్లీషులో రాయక తప్పదు.

ఫైలు తీస్తే నిరుటి నోటీసు కనిపించింది. అడుగడుగునా "విల్". సెల్లారులోకి నీళ్లు వచ్చేస్తాయి, లిఫ్టు ఆగిపోతుంది, సంపు మోటారు కాలిపోతుంది, పాలు దొరకవు. సోది చెప్పినట్టు వరసగా చెప్పుకుపోయారు. తీరా చూస్తే నీళ్లు గేటు దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి మళ్లాయి. ఆ నోటీసు చదివి మూడో అంతస్తు మామి మందుల సంచీ సర్దుకుని తాంబరంలో కూతురింటికి వెళ్లిపోయారు. నాలుగు రోజులకు తిరిగొచ్చి గేటు దగ్గరే నిలబడి "ఎక్కడమ్మా నీళ్లు?" అని అడిగారు. ఆనాటి నుంచి మా నోటీసు బోర్డు "నాన్నా పులి" కథ అయిపోయింది.

రాసినాయన మీద నాకు కోపం లేదు. ఆయనా తెలుగువారే, మన క్రియే ఆయన్ను అలా నడిపించింది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, రేపు వాన పడుతుంది. రెండింటికీ మనకు ఒకే ముగింపు. ఎప్పుడూ జరిగేదేదో, రేపు జరగబోయేదేదో, జరుగుతుందని మనం అనుకునేదేదో వినేవాళ్లు మన గొంతును బట్టి పోల్చుకుంటారు. కాగితానికి గొంతు లేదు. అక్కడ "విల్" అంటే ప్రమాణం చేసినట్టే.

కాఫీ తాగి మొత్తం తిరగరాశాను. "విల్" ఉన్న ప్రతిచోటా "మే" పెట్టుకుంటూ పోయాను. చదివి చూసుకుంటే వెన్నెముక లేని మనిషి రాసినట్టుంది. నీళ్లు సెల్లారు మెట్టు దాటగానే కరెంటు మెయిన్ ఆపేది మేమే. దానికి కూడా ఆపవచ్చు, ఆపకపోవచ్చు అంటే ఎలా? అది నిర్ణయం, ఊహ కాదు. కాబట్టి అక్కడ మళ్లీ "విల్". సెల్లారులోకి నీళ్లు రావడం మన చేతిలో లేదు, అయినా వచ్చే వీలు బాగానే ఉంది. అక్కడ "మే". పాలవాడు రాకపోవడం, వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఆపేయడం, వీటికి "మైట్". మే కన్నా మైట్ ఒక మెట్టు కింద అని మా బడిలో చెప్పారు. మాటల్లో చాలామంది ఈ తేడా పట్టించుకోరు, రెండూ కలిపేస్తారు. నాకు మాత్రం ఇవాళ ఆ మెట్టు అక్కరకొచ్చింది. మన "పడవచ్చు"కూ "పడినా పడవచ్చు"కూ ఉన్న ఎడమే అది. అంతకన్నా దిగువ మెట్టు మీద కూర్చున్నది "ఏమో, గుర్రం ఎగరావచ్చు". అమ్మ చెప్పిన బియ్యం డబ్బా జాగ్రత్త ఆ మెట్టుకు చెందుతుంది.

"కెన్" దగ్గర కాసేపు ఆగాను. నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేస్తే ఇంజను దెబ్బతింటుంది. ఇది ఏ కారుకైనా, ఏ ఊళ్లోనైనా జరగగలిగిన సంగతి, కాబట్టి అక్కడ "కెన్" సరిపోతుంది. రేపటి వానకు మాత్రం అది పనికిరాదు. రేపు వాన పడవచ్చు అనడానికి మా ఆఫీసులో సగం మంది "కెన్" వాడతారు. వినడానికి వానకు ఆ సామర్థ్యం ఉందని యోగ్యతాపత్రం ఇచ్చినట్టుంటుంది. ఇంకో పొరపాటు వాక్యం మొదటి సగంలో దొర్లుతుంది. వాన పడితే అనే చోట కూడా "విల్" దూర్చేస్తాం. మన "పడితే"లో కాలమే లేదు కదా, ఇంగ్లీషుకు వెళ్లగానే ఎక్కడి నుంచి తెస్తామో! అక్కడ మామూలు వర్తమానం చాలు, జరగబోయేది రెండో సగం చూసుకుంటుంది.

మధ్యాహ్నం వాతావరణ శాఖ బులెటిన్ చూశాను. ఆరెంజ్ హెచ్చరిక. వాళ్లకు ఈ బాధ లేదు. ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం, 204.4 దాకా అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. మాటను నమ్ముకోకుండా రంగులు, దశాంశాలు పెట్టుకున్నారు. తెలివైనవాళ్లు.

సాయంత్రం నోటీసు అచ్చు తీసి లిఫ్టు పక్కన అంటిస్తుంటే, బ్యాంకు మేనేజరుగా రిటైరైన మొదటి అంతస్తు పెద్దాయన వచ్చి కళ్లజోడు సవరించుకున్నారు. సెల్లారులో కార్లు పెట్టకూడదన్న వాక్యం మీద వేలు పెట్టి, "ఇది నిషేధమా, జోస్యమా?" అన్నారు. నేను "మే నాట్" అని రాశాను. మర్యాదగా ఉంటుందనుకున్నాను. ఆయన చెప్పాక చూస్తే నిజమే, కార్లు పెట్టకపోవచ్చు అని కూడా చదువుకోవచ్చు.

ఇద్దరం అక్కడే నిలబడి పావుగంట మాట్లాడుకున్నాం. డాక్టరు గది గుమ్మం దగ్గర "లోపలికి రావచ్చు" అంటే అనుమతి. "సాయంత్రం చుట్టాలు రావచ్చు" అంటే ఊహ. మన వచ్చు రెండు పనులూ చేస్తుంది, వాళ్ల మే కూడా అంతే. తమిళంలో "వరలాం" కూడా అచ్చం ఇలాగేనని ఆయన అన్నారు. తేడా అంతా కాదనేటప్పుడే. మనకు "పెట్టకూడదు" వేరు, "పెట్టకపోవచ్చు" వేరు. తమిళంలో "కూడాదు" అనగానే ఇక మారు మాట ఉండదు. ఇంగ్లీషు మాత్రం రెండింటినీ "మే నాట్" అనే ఒక్క చొక్కాలో దూర్చి పంపించేసింది. ఇన్నాళ్లూ ఇంగ్లీషు ముందు మన భాషను చిన్నబుచ్చిన నాకు ఆ పావుగంట ఎంత హాయిగా అనిపించిందో! పైకి వెళ్లి "మస్ట్ నాట్" అని దిద్ది, మళ్లీ అచ్చు తీశాను.

కార్ల దగ్గర అంత పట్టుదల ఎందుకంటే 2023 డిసెంబరు. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 5వ తేదీన. అంతకు ముందు చెన్నై పక్కనుంచి వెళుతూ మా మీద రెండు రోజులు కుమ్మరించింది. సెల్లారులో నడుము లోతు నీళ్లు. అందులో మూడు కార్లు, ఏడు బళ్లు. తెల్లారి పెద్దాయన ఆ నల్లటి నీళ్ల వైపు చూస్తూ "ముందు రోజు తీసి ఉంటే మిగిలేదేమో" అన్నారు. మునిగిన కార్లలో ఒకటి ఆయనదే. ఇంగ్లీషువాళ్లు "మైట్ హావ్" అనేది ఇలాంటి చోటే. మిగిలేదని ఆయన అనలేదు, మిగిలేదేమో అన్నారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు హెచ్చరిక రాగానే ఈ పేటలో జనం కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవరు మీద వరసగా నిలబెడతారు. చూసి నవ్వేవాళ్ల సెల్లారులోకి ఇంకా నీళ్లు రాలేదన్నమాట.

ఏడింటికి వాచ్‌మన్ నోటీసు ముందు నిలబడి ఉన్నాడు. చిత్తూరు వైపు మనిషి. "ఏమి రాశారమ్మా?" అని అడిగాడు. నేను మెట్లన్నీ వివరించబోతున్నాను, ఇంతలో ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. వాళ్లతో తనే చెప్పేశాడు: "నీళ్లు వచ్చినా రావచ్చు, కార్లు మాత్రం తీసేయాలి." నా పూటంతా పట్టిన పని అతనికి ఒక్క వాక్యం. ఎనిమిదింటికల్లా సెల్లారులో రెండే కార్లు మిగిలాయి.

మామి మెట్ల మీద ఎదురై, ఈసారి తాంబరం వెళ్లాలా అని అడిగారు. కరెంటు ఒక పూట పోవచ్చు, మూడో అంతస్తు దాకా వరద నీళ్లు రావు, మందులు వారానికి సరిపడా పెట్టుకోండి మామీ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, సరే అయితే బకెట్లు నింపుకుంటానని వెళ్లారు.

ఇప్పుడు సన్నగా మొదలైంది. వంటింటి కిటికీ రేకు మీద టపటప వినిపిస్తోంది. ఇది రాయడానికి కూర్చునే ముందు బియ్యం డబ్బా ఎత్తి గట్టు మీద పెట్టాను. మా ఆయన పేపరు పక్కన పెట్టి నా వైపు చూశారు. నవ్వుతారనుకున్నాను. లేచి, మేకుకున్న స్కూటరు తాళాలు తీసుకుని కిందికి వెళ్లారు.