స్నైప్ తోక విప్పింది, తుంగాకు అడ్డొచ్చింది

ఈ ఆదివారం పొద్దున తోక విప్పింది! చలికాలం మొదలైనప్పటి నుంచి దేని కోసం గట్టు పక్కన బోర్లా పడుకుంటున్నానో అది కళ్ళ ముందే జరిగింది. మేత మేసి ఒడ్డుకు చేరిన స్నైప్ (బురదలో మేసే పొడుగు ముక్కు పిట్ట) ముందు ముక్కుతో వీపు సర్దుకుంది. తర్వాత ఎడమ రెక్కనూ ఎడమ కాలునూ కలిపి వెనక్కి చాచి, తోకను అటు పక్కకు పూర్తిగా పరిచింది. కెమెరా అప్పటికే దాని మీదే ఫోకస్‌లో ఉంది, వరుసగా ఫ్రేములు పడ్డాయి. అది ఏ రకం స్నైపో తేలాల్సింది తోక అంచు ఈకల్లోనే. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఆ అంచు మీదుగా ఒక తుంగాకు అడ్డంగా ఉంది. ప్రతి ఫ్రేములోనూ అక్కడే ఉంది. ఆ రోజంతా ఇంకో పని మీద మనసు పోలేదు.

చోటు సంగారెడ్డి జిల్లాలో ఒక చెరువు శిఖం. పేరు ఇక్కడ రాయను, ఇప్పటికే బైకుల తాకిడి ఎక్కువైంది. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట తుంగ, దాని పక్కనే యాసంగి నాటుకు తయారవుతున్న మడులు. దమ్ము చేసిన మడిలో నీళ్ళు రెండు వేళ్ళ లోతు ఉన్నంత కాలం స్నైప్‌లు వస్తాయి. నాట్లు పడి జనం తిరగడం మొదలైతే తుంగలోకి పోతాయి.

ఏ రకం స్నైప్ అన్న సమస్య కొత్తది కాదు. కామన్ స్నైప్‌ని ఎగిరినప్పుడు చెప్పేయొచ్చు, రెక్క వెనక అంచున తెల్లటి గీత స్పష్టంగా ఉంటుంది. ఆ గీత లేకుండా, రెక్క కింద అంతా ముదురు చారలతో, కాలివేళ్ళు తోక దాటి కనిపిస్తే అది పింటెయిల్ స్నైప్ గానీ స్విన్‌హోస్ స్నైప్ గానీ. ఈ రెండింటి మధ్యే అసలు చిక్కు. రూపం, రంగు, మేత, చివరికి ఎగిరేటప్పుడు చేసే శబ్దం కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తేడా తోకలో ఉంది. పింటెయిల్‌కు సాధారణంగా 26 తోక ఈకలు, 24 నుంచి 28 దాకా ఉండొచ్చు. ఒక్కో పక్క అంచున ఉన్న 6 నుంచి 9 ఈకలు సూదుల్లా ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. స్విన్‌హోస్‌కు సాధారణంగా 20 లేదా 22. దాని అంచు ఈకలూ సన్నవే కానీ రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి, లోపలికి వచ్చేకొద్దీ మెల్లగా వెడల్పవుతాయి. పింటెయిల్‌లో సన్నవాటి నుంచి వెడల్పువాటికి మార్పు ఒక్కసారిగా వస్తుంది. వేట సాగిన రోజుల్లో దొరలు పిట్టను చేతిలో పట్టుకుని ఈకలు లెక్కపెట్టేవాళ్ళు. మనకు ఉన్నది లెన్సే.

ఇప్పుడు ఆదివారం ఫోటో లెక్కలు. కెమెరా నికాన్ డి500, లెన్స్ 200-500 ఎంఎం, పూర్తి జూమ్‌లో. షట్టర్ 1/1600. పిట్ట వెళ్ళాక గట్టు వెంట టేపు పెట్టి కొలిస్తే దూరం 22 మీటర్లు. ఆ దూరంలో పిట్ట మీద ఒక మిల్లీమీటరు సెన్సార్ మీద సుమారు 5.4 పిక్సెళ్ళు అవుతుంది. సరిచూడడానికి ముక్కును వాడాను. ముక్కు పూర్తిగా పక్కకు తిరిగి ఉన్న ఫ్రేములో అది 330 పిక్సెళ్ళు వచ్చింది, అంటే 61 మిల్లీమీటర్లు. పింటెయిల్‌కైనా స్విన్‌హోస్‌కైనా సరిపోయే పొడవే, కాబట్టి స్కేలు మరీ తప్పలేదు.

తోక మధ్య నుంచి బయటికి లెక్కపెడితే వెడల్పు ఈకల తర్వాత సన్నవి ఐదు స్పష్టంగా ఉన్నాయి. తర్వాత తుంగాకు. ఆకు దాటాక ఇంకో రెండు గీతలు ఉన్నట్టే ఉన్నాయి, కానీ అవి ఈకలా, వెనక గడ్డా అన్నది పిక్సెల్ పెద్దది చేసేకొద్దీ ఇంకా అయోమయం. స్పష్టంగా ఉన్న ఐదింటిలో బయటి మూడూ 8 పిక్సెళ్ళు, తర్వాతది 9, లోపలిది 11. 8 అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. ఫోకస్ మెత్తదనం అంచుల్లో కనీసం రెండు పిక్సెళ్ళు కలిపి ఉంటుంది కాబట్టి అసలు వెడల్పు ఇంకా తక్కువే అయ్యుండాలి. ఇంతవరకు చూస్తే పింటెయిల్ అనాలి.

కానీ అనలేకపోతున్నాను. మొదటి కారణం, తోక పూర్తిగా పరిచినట్టు కనిపించినా ఈకలు ఒకదాని మీద ఒకటి ఎంత ఎక్కి ఉన్నాయో తెలీదు. మూడు మిల్లీమీటర్ల ఈక సగం కప్పబడితే అదీ నాకు ఒకటిన్నరగానే కనిపిస్తుంది. రెండోది, తోక నా వైపు పూర్తిగా తిరిగి లేదు, ఎంతో కొంత ఏటవాలు ఉంది. ఇరవై డిగ్రీల ఏటవాలుకు వెడల్పు ఆరు శాతమే తగ్గుతుంది, అది పెద్ద లెక్క కాదు. నలభై ఐదైతే దాదాపు మూడో వంతు పోతుంది. నీడను బట్టి ముప్పైకి లోపే అనుకుంటున్నాను, అది ఊహే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సన్న ఈకలు ఎక్కడ మొదలవుతాయో ఆ మలుపు దగ్గర రెక్క నీడ పడింది. మార్పు ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా వచ్చిందా అన్నది అక్కడే తేలాలి. 11, 9, 8 అన్న వరుస చూస్తే మెల్లగా వస్తున్నట్టూ ఉంది. నీడలో రా ఫైలు (కెమెరా దాచే మూల ఫైలు) వెలుగును రెండు స్టాపులు, అంటే నాలుగింతలు, పైకి లేపితే నాయిస్ చుక్కలు తప్ప ఇంకేం రాలేదు.

మా వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రం దాకా చర్చ. మాకందరికీ పిట్టలు నేర్పిన అన్న ఒకాయన, “తల చూడు తమ్ముడూ, ఎత్తు కంటి వెనక ఉంది, కాళ్ళు లావుగా ఉన్నయ్, స్విన్‌హోసే” అన్నారు. నల్లగొండ నుంచి ఒక అక్క మడిచిన రెక్క దాటి తోక ఎక్కువ బయటికి రాలేదు కాబట్టి పింటెయిల్ అన్నారు. ఇద్దరూ చూడడం తెలిసినవాళ్ళే, ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ అదే పిట్ట మెడ చాచిన ఫ్రేములో తల గుండ్రంగా ఉంది, ముడుచుకున్న ఫ్రేములో ఎత్తు వెనక్కి పోయింది. తల ఆకారంతో స్విన్‌హోస్ అని రాసుకోవడం నాకు సమ్మతం కాదు. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ సైటులో ‘పింటెయిల్/స్విన్‌హోస్’ అని రెండూ కలిపిన ఎంట్రీ ఉన్నది ఇలాంటి పిట్టల కోసమే. అక్కడే పెట్టాను, ఫోటోలన్నీ జతచేశాను. పింటెయిల్ మన దగ్గర చలికాలపు మామూలు అతిథి కాబట్టి సందేహంగా ఉన్నదాన్ని పింటెయిల్‌లో వేసేయడం కూడా నాకు నచ్చదు. అలా వేసుకుంటూ పోతే మధ్యలో స్విన్‌హోస్‌లు ఉన్నా మనకు ఎప్పటికీ తెలీదు.

ఎగిరేటప్పుడు తీయొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. లెక్క వేసి చూడండి. స్నైప్ సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతుంది అనుకుందాం. షట్టర్ 1/2000 పెడితే ఆ ఒక్క ఫ్రేములో అది ఏడున్నర మిల్లీమీటర్లు కదులుతుంది. మనం చూడాల్సిన ఈక వెడల్పు ఒకటి, రెండు. పిట్టతో పాటు లెన్స్ అంతే వేగంగా తిరిగితే తప్ప ఆ ఈకలు కలిసిపోతాయి. 1/4000 పెట్టినా దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. పైగా ఎగిరే పిట్ట తోక మూసుకునే పోతుంది, దిగే చివరి క్షణంలోనే విప్పుతుంది. అప్పటికి అది గడ్డిలో ఉంటుంది. అందుకే నా ఓటు నేల మీద ఒళ్ళు విరుచుకునే పిట్టకే. ఇంకో మాట, కావాలని లేపడం మానేద్దాం. మడిలో నడిచి పిట్టల్ని లేపి ఫోటోలు తీస్తే అవి ఆ పూటకు మళ్ళీ దిగవు, వెనక వచ్చేవాళ్ళకూ ఏమీ మిగలదు.

పోయిన వారం గ్రూపులో ఒకరు ఎగిరే స్నైప్ ఫోటో పెట్టి “తెల్ల గీత లేదు, పింటెయిల్ ఖాయం” అన్నారు. ఆకాశం నేపథ్యంలో ఎక్స్‌పోజర్ బాగా పెంచి తీసిన ఫోటో అది. అలాంటప్పుడు రెక్క వెనక తెల్ల అంచు ఆకాశంలో కలిసిపోతుంది, కామన్ స్నైప్ కూడా గీత లేనట్టే కనిపిస్తుంది. చెట్లో, గట్టో వెనక ఉన్న ఫ్రేమే నమ్మాలి. ఆయన వరుసగా తీసిన వాటిలోనే ఒక ఫ్రేములో వెనక తుమ్మ చెట్టు ఉంది, అందులో గీత చక్కగా కనిపించింది.

సామాను గురించి అడిగినవాళ్ళకు. ఈ పనికి ట్రైపాడ్ కన్నా లెన్స్ కింద పెట్టే బీన్‌బ్యాగ్ సంచే మేలు. ఊక నింపాను, తేలిక, తడిసినా ఆరుతుంది. బియ్యం నింపితే లెన్స్ ఇంకా కదలకుండా కూర్చుంటుంది కానీ మోయలేం. నికాన్ పి950 జూమ్ చూస్తే ఆశ పుడుతుంది, 2000 ఎంఎం కదా. కూర్చున్న పిట్టకు నిజంగా మంచి కెమెరా. ఒళ్ళు విరుచుకునే రెండు సెకన్లలో వరుస ఫ్రేములు కావాలంటే మాత్రం నేను డి500 లాంటి ఎస్ఎల్ఆర్‌నే నమ్ముతాను. ఎండ ఎక్కాక మడి మీద గాలి మరుగుతుంది, తొమ్మిది దాటితే 20 మీటర్ల అవతల ఈక అంచులు నిలవవు. నాకైతే ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య తప్ప పనికొచ్చే ఫోటో రాలేదు. ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లను ఈ విషయంలో పక్కన పెట్టండి.

ఆ పూట కనిపించిన మిగతా పిట్టలు: టెమ్మింక్ స్టింట్ దొరికింది, పసుపు కాళ్ళు స్పష్టంగా వచ్చాయి. సిట్రిన్ వాగ్‌టెయిల్ కూడా.

ఇక ముందు సంగతి. మడి యజమాని పెద్దాయన మంచి మనిషి. “ఏంది సారూ, ఆ పిట్టతోనే ఉన్నవా ఇంకా? బుధవారం ట్రాక్టర్ వస్తది, పక్క మడి దమ్ము జేస్తం” అన్నాడు. నాకు అంతకన్నా మంచి వార్త లేదు. కొత్త బురద అంటే పిట్టలు అక్కడికే వస్తాయి, ఆ గట్టు మీద తుంగ లేదు. ఆయన్ని అడిగి గట్టు మూల దగ్గర ఒక గోనెపట్టా పరదా రెండు రోజుల ముందే కట్టి ఉంచుతాను, పిట్టలకు అలవాటవుతుంది. సూర్యుడు వీపు వెనక ఉండేలా తూర్పు మూల తీసుకుంటున్నాను. దూరం 15 మీటర్లకు తగ్గించగలిగితే మిల్లీమీటరుకు దాదాపు 8 పిక్సెళ్ళు వస్తాయి, అప్పుడు ఒకటిన్నరకీ మూడుకీ తేడా 12 పిక్సెళ్ళు. ఏటవాలు మీద వాదన అప్పుడూ ఉంటుంది కానీ ఇంత ఉండదు. షట్టర్ 1/1000కి దించి ఐఎస్ఓ తగ్గిస్తాను, ఒళ్ళు విరుచుకున్నాక పిట్ట ఒక క్షణం కదలకుండా ఆగుతుంది కాబట్టి సరిపోతుంది. మిత్రుడి దగ్గర కానన్ ఆర్7 కెమెరా ఉంది, బటన్ నొక్కకముందు అర సెకను ఫ్రేములు కూడా దాచుకుంటుంది. ఒక పూట అడిగి చూడాలి.

జనవరిలో నీటిపక్షుల గణన ఎలాగూ ఉంది. ఆ వారం మంజీర వైపు వెళ్ళినప్పుడు స్నైప్‌లను విడిగా రాద్దాం అనుకుంటున్నాం, తెల్ల గీత ఉన్నవి, లేనివి, చూడలేకపోయినవి అని మూడు వరుసలుగా. తర్వాత వీలైతే కొల్లేరు. నెల్లూరు, పులికాట్ వైపు వాళ్ళ దగ్గర తోక విప్పిన ఫోటో ఒక్కటి ఉన్నా పంపండి. క్రాప్ చేయని ఫైలు, దూరం, లెన్స్ వివరం కావాలి. మసకగా ఉన్నా పరవాలేదు, ఒక పక్క అంచు కనిపిస్తే చాలు, కొలుద్దాం.