ఒకే డిష్, నాలుగు ఇళ్లు: మా నల్లగొండ అపార్ట్‌మెంట్‌లో పని ఎంతవరకు వచ్చిందంటే

మా టెర్రస్ మీద నాలుగు ఇళ్లకు కలిపి ఒకటే డిష్. అందరం డీడీ ఫ్రీ డిష్ చూసేవాళ్లమే. కింది ఇంట్లో డీడీ యాదగిరి కూడా గళ్లు గళ్లుగా ఆగిపోతుంటే ఈసారి లైన్ మొత్తం బాగుచేద్దామని మొదలుపెట్టాను.

ముందు డిష్. ఫ్రీ డిష్ సిగ్నల్ పంపే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. నల్లగొండ నుంచి చూస్తే ఆగ్నేయంలో, దాదాపు 64 డిగ్రీల ఎత్తున. అంత పైన ఉంది కాబట్టి పక్క బిల్డింగ్ అడ్డం రాదు. సెట్‌టాప్ బాక్స్ టెర్రస్ మీదికే తీసుకెళ్లి పెట్టి చూస్తే క్వాలిటీ బాగుంది. తేడా అంతా కింది లైన్‌లోనే.

మెట్ల దగ్గర పాత కేబుల్ టీవీ స్ప్లిటర్ (ఒక వైరు సిగ్నల్‌ను పంచే డబ్బా) దొరికింది. దాని మీద 5-1000 మెగాహెర్ట్జ్ అని ఉంది. ఉపగ్రహం నుంచి వచ్చే 11090 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ తీసుకోండి, ఎల్‌ఎన్‌బి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) అందులోంచి 9750 తీసేసి 1340 మీద వైరులోకి పంపుతుంది. ఆ స్ప్లిటర్ దాటి సిగ్నల్ సరిగ్గా ఎట్లా వస్తుంది? 5-2400 రాసి ఉన్నది తెచ్చి వేశాను, వైరు కూడా ఆర్‌జి-6 రకం డిష్ కేబుల్‌కు మార్చాను.

నాలుగు వైర్లు బయటికి వచ్చే క్వాట్రో ఎల్‌ఎన్‌బి, వాటిని ఇళ్లకు పంచే మల్టీస్విచ్ కావాలని షాపులో చెప్పారు. మనకు అక్కర్లేదు. ఫ్రీ డిష్ ఛానళ్లన్నీ వర్టికల్ (నిలువు) తరంగాల్లో, తక్కువ ఫ్రీక్వెన్సీలుండే లో బ్యాండ్‌లోనే వస్తాయి కాబట్టి ఒక్క వైరు నాలుగు ఇళ్లకు సరిపోతుంది. వేరే డీటీహెచ్ పెట్టుకునేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు.

అసలు చూసుకోవాల్సింది కరెంటు సంగతి. ఎల్‌ఎన్‌బికి కరెంటు ఇళ్లలోని బాక్సుల నుంచే అదే వైరులో వెళ్తుంది. పాత స్ప్లిటర్‌లో ఒక్క పోర్టుకే పవర్ పాస్, అంటే ఆ కరెంటు వెళ్లే దారి, ఉండేది. ఆ ఇంట్లో స్విచ్ ఆపితే అందరి టీవీలూ పోయేవి. కొత్తదానికి అన్ని పోర్టుల్లోనూ పవర్ పాస్, ఒక బాక్స్ కరెంటు ఇంకో బాక్స్‌లోకి పోకుండా ఆపే డయోడ్లు లోపల ఉన్నాయి. ఎవరి బాక్స్ ఆన్‌లో ఉన్నా ఎల్‌ఎన్‌బి నడుస్తుంది. అయితే ఒక్క బాక్స్ 13 వోల్టులకు బదులు 18 పంపినా ఎల్‌ఎన్‌బి హారిజాంటల్‌కు మారిపోతుంది, అందరికీ బొమ్మ పోతుంది. అందుకే ఇంటింటికీ వెళ్లి సెట్టింగ్‌లో వర్టికల్ పెట్టి, ఎల్‌ఎన్‌బిని హై బ్యాండ్‌కు మార్చే 22 కిలోహెర్ట్జ్ టోన్ ఆఫ్ చేశాను. రెండో ఫ్లోర్ అక్కవాళ్ల బాక్స్‌లో ఆ టోన్ అప్పటిదాకా ఆన్‌లోనే ఉండింది.

ఇప్పుడు కింది ఇంట్లో కూడా బొమ్మ ఆగట్లేదు. వానలు గట్టిగా పడేలోపు పైన కనెక్టర్లకు రబ్బరు టేపు చుట్టాలి, నీళ్లు కారిపోయేలా వైరుకు కిందికి ఒక వంపు ఇవ్వాలి. డిష్ పోల్‌కు ఎర్తింగ్ ఇంకా లేదు, దానికి ఎలక్ట్రీషియన్‌ను రమ్మన్నాం.