ఒకప్పటి సాతనూరు నియోజకవర్గంలో

కనకపుర రోడ్డు పట్టుకున్న బెంగళూరు వాళ్లు ఎక్కువగా కావేరి ఒడ్డునున్న మేకెదాటుకో ముత్తత్తికో పోతారు. మేం మాత్రం సాతనూరు చూడాలనే బయల్దేరాం. మా మామయ్య ఎన్నికల కబుర్లంటే చెవి కోసుకుంటారు, ఈ ప్రయాణం ఆయన కోరికే.

వైట్‌ఫీల్డ్ నుంచి సిటీ దాటేసరికే ఎండెక్కింది. కనకపుర తర్వాత మల్బరీ తోటలు, రాగి చేలు. ఓ ఇంటి గోడకు చంద్రికలు, అంటే పట్టుపురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తట్టలు, ఆరబెట్టారు. వెదురు చుట్టల సందుల్లో పట్టుపోగులు ఇంకా అంటుకుని మెరుస్తున్నాయి. గూళ్లు రామనగర మార్కెట్‌కు వెళ్లిపోయాయని ఆ ఇంటావిడ చెప్పింది.

సాతనూరులో టీ తాగుతూ మామయ్య మొదలుపెట్టారు. 1985లో ఇక్కడ దేవెగౌడ నిలబడి, అప్పటికి కుర్రాడైన డి.కె. శివకుమార్‌ను ఓడించారు. హొళెనరసీపురలోనూ గెలవడంతో అది ఉంచుకుని దీన్ని వదులుకున్నారు. 1989 నుంచి 2004 దాకా నాలుగు ఎన్నికల్లోనూ శివకుమార్‌దే గెలుపు. 1999లో ఆయన చేతిలో ఓడింది ఎవరనుకున్నారు? దేవెగౌడ కొడుకు కుమారస్వామి! తర్వాత ప్రధాని అయిన దేవెగౌడ, ముఖ్యమంత్రి అయిన కుమారస్వామి, ఉపముఖ్యమంత్రి అయిన శివకుమార్... ముగ్గురూ ఓట్లడిగిన ఊళ్లివి. వింటుంటే ఒళ్లు పులకరించింది.

2008 ఎన్నికలకు 2001 జనాభా లెక్కల ప్రకారం నియోజకవర్గాల హద్దులు మార్చారు. రాష్ట్రం మొత్తానికి 224 సీట్లు అలాగే ఉంచి, బెంగళూరువి 16 నుంచి 28 చేశారు. ఆ మేరకు వేరేచోట తగ్గాల్సిందే కదా! సాతనూరు సీటు రద్దయింది, ఊరు కనకపురలో కలిసింది. బెంగళూరులో మేం ఓటేసే మహదేవపుర నియోజకవర్గం అప్పుడే పుట్టింది.

పక్క బల్ల మీది పెద్దాయన మా మాటల్లో సాతనూరు పేరు విని కన్నడలో అందుకున్నారు. ఎమ్మెల్యే పేరు ముందు తమ ఊరి పేరు వచ్చేదట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతులో గర్వం ఇప్పటికీ ఉంది. నాకు చాలా బాధేసింది.

జనం ఎక్కడుంటే సీట్లు అక్కడుండాలి, అది న్యాయమే అన్నారు మామయ్య. మరి 2026 తర్వాతి జనాభా లెక్కలతో సీట్లు మళ్లీ పంచితే దక్షిణాది లోక్‌సభ సీట్ల వాటా తగ్గిపోతుందని మీరే టెన్షన్ పడుతున్నారు కదా, అదీ న్యాయమేనా అని అడిగాను. రాష్ట్రాల సంగతి వేరు, ఊళ్ల సంగతి వేరు అంటారాయన. నాకు ఆ తేడా కనిపించలేదు. అక్కణ్నుంచి కబ్బాళు అనే ఊరికి వెళ్లే దారంతా ఇదే వాదన. కబ్బాళమ్మ గుడి ముందు క్యూ చూశాక గానీ ఆపలేదు.