బొబ్బట్లు ఎప్పుడు పంచారు?

మా గదికి వచ్చే ప్రతి కుటుంబాన్నీ కేసు షీటులో లేని ప్రశ్న ఒకటి అడుగుతాను. "బొబ్బట్లు ఎప్పుడు పంచారమ్మా?" అని. బిడ్డ ఎన్నో నెలలో బోర్లా పడిందని అడిగితే తల్లి భర్త వంక చూస్తుంది, భర్త ఫోన్‌లో ఫొటోలు వెతుకుతాడు. బొబ్బట్ల సంగతి అడిగితే మాత్రం వెనక కుర్చీలోంచి అమ్మమ్మ ఠక్కున చెబుతుంది: "కార్తీక పౌర్ణమి వెళ్లిన మర్నాడు. ఆ రోజు పప్పు సరిగ్గా ఉడకలేదు కూడాను." బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులొస్తే చిలకలు. పిల్లల ఎదుగుదల చార్టు మన వంటింట్లో ఎప్పట్నుంచో ఉంది. నేను దాన్ని తారీకుల్లోకి మార్చుకుంటానంతే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే ఎన్ని వారాలు ముందొచ్చారో అన్ని వారాలు తీసేసి లెక్క కడతాను.

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డులో, మందుల షాపు పైన మేడ మీద ఒక గది. సామానంతా కలిపి ఒక చాప, ఒక స్పాంజి పరుపు, గిలక్కాయ, కోణాలు కొలిచే గోనియోమీటరు, పట్నంబజారులో కొన్న టైలర్ టేపు. మొదటి మూడు నాలుగు నెలలూ పిల్లల్ని అమ్మమ్మలు తీసుకొస్తారు, పుట్టింటి నుంచి వెళ్లాక నాయనమ్మలు తీసుకొస్తారు. ఎవరొచ్చినా మొదటి ఫిర్యాదు ఒకటే. "వీడు ఊరికే జడుసుకుంటున్నాడమ్మా."

తాయెత్తు కట్టించి, దిండు కింద ఇనుప ముక్క పెట్టి, దిష్టి తీసి, అవేమీ పని చేయకపోతే నా దగ్గరికి వస్తారు. నేను తాయెత్తు జోలికి పోను. మెడలో దారం ఉంటే మాత్రం విప్పి మొలకి కట్టమంటాను, నిద్రలో బిగుసుకుంటే ప్రమాదం. ఆ జడుపుకి మా పుస్తకాల్లో పేరుంది, మోరో రిఫ్లెక్స్. ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల డాక్టరు 1918లో దాన్ని వర్ణించాడు. స్కూల్లో మనం అసంకల్పిత ప్రతీకార చర్య అని చదువుకున్నాం చూడండి, అదే జాతి. మాట బిడ్డ కంటే పొడుగుంది కాబట్టి నేను రిఫ్లెక్స్ అనే అంటాను.

చూసే పద్ధతి చెబుతాను, మీరు ఇంట్లో చేయడానికి కాదు. వీడియోలు చూసి పిల్లల్ని పరుపు మీద వదిలేసేవాళ్లని చూశాను, నాకు ఒళ్లు మండిపోతుంది. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, తలా భుజాలూ కొంచెం పైకెత్తి, నా అరచెయ్యి తల కిందే ఉంచి, ఆ చేతిని ఒక్కసారి కాస్త దించుతాను. రెండు చేతులూ బార్లా తెరుచుకుంటాయి, వేళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి, మళ్లీ కౌగిలించుకోబోతున్నట్టు లోపలికి వస్తాయి. ఆ వెంటనే ఏడుపు. అందుకే దీన్ని ఆఖర్న చేస్తాను. ముందే చేస్తే మిగతా పరీక్షలన్నీ ఏడుపులోనే చేసుకోవాలి. నాలుగో నెల నుంచి ఈ జడుపు తగ్గుతూ ఆరు దాటేసరికి పోతుంది. రెండు నెలల పిల్లాడు జడుసుకోవడం లేదంటే నాకు టెన్షన్, తొమ్మిది నెలల పిల్లాడు ఇంకా జడుసుకుంటున్నాడన్నా టెన్షనే.

ఇంతకంటే ముఖ్యంగా నేను చూసేది రెండు చేతులూ ఒకేలా తెరుచుకున్నాయా లేదా అని. ఈ చూపు నాకు ఊరికే రాలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, విజయవాడలో పని చేస్తున్నప్పుడు, మూడు వారాల పిల్లాడికి మోరో చూశాను. కుడి చెయ్యి చక్కగా చాచాడు, ఎడమ చెయ్యి ముడుచుకునే ఉంది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. పుట్టేటప్పుడు భుజం దగ్గర నరాలు లాగి ఉంటాయని తేల్చేసి, ఆ మాట తల్లితో అనేశాను. పక్క గదిలోంచి మా సీనియర్ సార్ వచ్చేసరికి తల్లి ఏడుస్తోంది, మేనమామ వరండాలో నిలబడి హైదరాబాద్‌లో నరాల ఆపరేషన్ ఎవరు చేస్తారో ఫోన్‌లో కనుక్కుంటున్నాడు. సార్ ఏమీ అనలేదు. బిడ్డ తల కుడివైపు తిరిగి ఉంది, దాన్ని రెండు వేళ్లతో మధ్యకి తెచ్చి, మోరో చేశారు. రెండు చేతులూ ఒకేలా తెరుచుకున్నాయి.

జరిగిందేమిటంటే, ఆ వయసు పిల్లలకి ఇంకో రిఫ్లెక్స్ ఉంటుంది. తల ఎటు తిరిగితే అటు చెయ్యి చాచుకుంటుంది, రెండో చెయ్యి ముడుచుకుంటుంది, అచ్చం విల్లు ఎక్కుపెట్టినట్టు. రెండో నెలలో బాగా కనిపిస్తుంది, ఆరో నెలకల్లా పోతుంది. నేను తల సంగతి పట్టించుకోకుండా బాణం వేసేవాడి చేతుల్ని పోల్చి చూశాను. పరీక్షలో ఆ రిఫ్లెక్స్ మీద పది మార్కుల జవాబు రాసినదాన్నే! ఆ మేనమామ వెళుతూ వెళుతూ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి తల మధ్యలో నిలిచేదాకా గిలక్కాయ ఊపుతూ కూర్చుంటాను, పది నిమిషాలైనా సరే.

నిజంగా తేడా ఉన్న పిల్లలూ వస్తారు. ఆమధ్య పన్నెండు రోజుల పిల్లాడు వచ్చాడు. నాలుగు కిలోల బరువుతో, భుజాలు ఇరుక్కుని, కష్టం మీద పుట్టాడు. "చొక్కా తొడుగుతుంటే కుడి చెయ్యి దగ్గరే ఏడుస్తున్నాడు" అంది తల్లి. సగం పరీక్ష ఆవిడే చేసేసింది. తల మధ్యలో పెట్టి చూసినా కుడి చెయ్యి తెరుచుకోలేదు. అరచేతిలో వేలు పెడితే మాత్రం గట్టిగా పట్టుకున్నాడు, అంటే చేతి కింది భాగం బాగానే ఉందన్నమాట. మెడ కింద ఎముక వెంబడి వేలు పోనిస్తే మధ్యలో గోలీకాయంత గడ్డ తగిలింది. విరిగిన ఎముక అతుక్కుంటోంది. ఎముకల డాక్టరు చూసి, చొక్కా చేతిని గుండెలకు చేర్చి పిన్నీసు పెట్టమన్నారు, అంతే. కొద్ది వారాల్లో రెండు చేతులతోనూ తల్లి జుట్టు పీకుతున్నాడు.

కొన్ని రిఫ్లెక్స్‌లు పోవాలి, కొన్ని రావాలి. తొమ్మిదో నెల ప్రాంతంలో బిడ్డని నడుం దగ్గర పట్టుకుని ముందుకి వాల్చితే చేతులు చాచి కాచుకుంటుంది. అది ఒకసారి వచ్చిందంటే జన్మంతా ఉంటుంది. మొన్న లాడ్జి సెంటర్లో స్కూటీ జారినప్పుడు నా మూతి పళ్లు మిగిలింది దాని పుణ్యమే.

"పుట్టిన వారానికే అడుగులేశాడు, ఇప్పుడు మానేశాడు" అనేది ఇంకో ఫిర్యాదు. పసివాణ్ణి నిలబెట్టి పాదం ఆనిస్తే అడుగులేస్తున్నట్టు కాళ్లు ఆడిస్తాడు, రెండు నెలలకి ఆపేస్తాడు. 1980ల్లో ఎస్తర్ థెలెన్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆపేసిన పిల్లల్ని నీళ్లలో నిలబెట్టి చూసింది. మళ్లీ అడుగులు వేశారు. కాళ్లకి కండ పట్టి బరువెక్కాయి, ఎత్తే బలం ఇంకా రాలేదు, నీళ్లలో ఆ బరువు తేలికైంది. ఈ కథ చెబితే నాయనమ్మలు చాలా సంతోషిస్తారు. ఒళ్లు చేయడం అంటే వాళ్లకి ఎప్పుడూ శుభవార్తే.

ఇక కాళ్ల సంగతి. దీనికి బయటివాళ్లెందుకు, మా ఇల్లే చాలు. మావాడు 14 నెలలకి నడక మొదలుపెట్టాడు. తెనాలి నుంచి మా అత్తయ్య అరిసెలు పట్టుకుని దిగింది. వాడు నాలుగడుగులు వేశాడో లేదో, "అమ్మాయ్, వీడివి దొడ్డికాళ్లు" అంది. డైపర్లు వేసి వేసి, చంకనేసుకుని తిప్పి తిప్పి కాళ్లు వంచేశానట. చంకన ఎత్తుకుంటే కాళ్లు విడిగా ఉండి తుంటి కీళ్లకి మంచిదని, కడుపులో ముడుచుకుని ఉన్న వంపు రెండేళ్లదాకా ఉంటుందని రోజుకి నలుగురు తల్లులకి చెప్పేదాన్ని. ఆ రాత్రి మావాడు నిద్రపోయాక టేపు తీసుకుని కూర్చున్నాను.

కొలవడానికీ ఒక పద్ధతుంది. పడుకోబెట్టి, మోకాలి చిప్పలు రెండూ సూటిగా పైకప్పు వైపు చూసేలా కాళ్లు సరిచేయాలి. చిప్పలు పక్కకి తిరిగి ఉంటే లేని వంపు కూడా కనిపిస్తుంది. చీలమండలు రెండూ తాకించి మోకాళ్ల మధ్య సందు కొలవాలి. నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. 18 నెలలకి మూడు. రెండేళ్లు నిండేసరికి మోకాళ్లు తాకాయి. అత్తయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పాను. మూడున్నర ఏళ్లప్పుడు ఆవిడ మళ్లీ వచ్చింది. "ఇప్పుడేంటే, మోకాళ్లు ఒరుసుకుంటున్నాయి?" అంది. నిజమే, ఈసారి మోకాళ్లు కలిపితే చీలమండల మధ్య అయిదు సెంటీమీటర్లు. ఇదీ మామూలే. సలేనియస్, వాంకా అనే ఇద్దరు 1975లో ఫిన్లాండ్ పిల్లల కాళ్లు కొలిచి ఈ క్రమం చూపించారు. ముందు బయటికి వంపు, తర్వాత మూడు నాలుగేళ్లప్పుడు లోపలికి, ఏడేళ్లకల్లా పెద్దవాళ్ల కాళ్లలా సర్దుకోవడం. మావాడిప్పుడు నాలుగో తరగతి. కాళ్లు బాగున్నాయి, లెక్కలే వంకర.

మరి ఎప్పుడు భయపడాలి? ఒక కాలే వంగితే. రెండేళ్లు దాటాక తగ్గాల్సింది పెరుగుతుంటే. మోకాళ్ల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటితే నేను ఆగను, డాక్టరు దగ్గరికి పంపుతాను. ఇంకో గుర్తు నాకు ఒక తల్లి చెప్పింది. ఏడాదిన్నర పిల్ల, ఒళ్లు చేయలేదు, కానీ మురుగులు మణికట్టు దగ్గర బిగుసుకుపోయాయట. పట్టుకుని చూస్తే మణికట్టు ఎముక ఉబ్బి ఉంది. పక్కటెముకల వెంబడి పూసల్లా తగిలాయి. రికెట్స్, ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు. విటమిన్ డి లోపం, అదీ ఎండకి రోడ్లు కరిగే గుంటూరులో! పిల్లకి ఎండ తగలనివ్వలేదు, తల్లిపాలలో డి సరిపడా ఉండదు. అందుకే మొదటి ఏడాది రోజుకి 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు. సీసా వాళ్లింట్లో ఉందట, సీలు తీయలేదు.

పోయిన నెల ప్రత్తిపాడు వైపు నుంచి నాలుగో నెల ఆడపిల్లని తీసుకొచ్చారు. జడుసుకుంటోందని. జడుపు బాగానే ఉంది, రెండు చేతులూ సమానం. మాటల్లో అమ్మమ్మ గర్వంగా, "ఎదురుకాళ్లతో పుట్టిందమ్మా, ఊళ్లో నడుం పట్టేసినవాళ్లందరికీ ఇదే మందు" అంది. ఎదురుకాళ్లవాళ్లు తొక్కితే నడుంనొప్పి పోతుందని మన నమ్మకం. నాకు మాత్రం ఆ మాట వినగానే చెయ్యి పిల్ల తుంటి మీదకి పోయింది. ఎదురుకాళ్లతో వచ్చిన ఆడపిల్లలకి తొడ ఎముక గుండ్రటి తల తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోకపోయే అవకాశం ఎక్కువ.

మోకాళ్లు మడిచి రెండూ పక్కలకి తెరిచాను. కుడి కాలు చాపని తాకబోయింది. ఎడమ కాలు సగంలో ఆగింది, గొళ్లెం పడిన తలుపులా. పాదాలు చాప మీద ఆనించి చూస్తే ఎడమ మోకాలు రవ్వంత కిందికి ఉంది. కాళ్లు చాపితే వెండి పట్టీలు కూడా ఒకటి పైన, ఒకటి కింద. "పట్టీ వదులైందనుకుని కంసాలి దగ్గర బిగించాం" అంది తల్లి.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి పావ్లిక్ హార్నెస్ వేశారు. కాళ్లని కప్పలా తెరిచి ఉంచే బెల్టులు. ఆరు నెలల లోపే ఇవి బాగా పని చేస్తాయి, కాబట్టి జడుపు పుణ్యమా అని వేళకే వచ్చారు. స్నానం పోసేటప్పుడు కాళ్లు లాగి జాడించవద్దని అమ్మమ్మకి రెండుసార్లు చెప్పాను. మూడోసారి స్నానం పోసే ఆవిడకే ఫోన్ చేయించి చెప్పాను.

నిన్న మళ్లీ వచ్చారు. పిల్ల ఎడమ కాలు ముందు కంటే బాగా తెరుచుకుంటోంది. అమ్మమ్మ దిగులు వేరే ఉంది. "ఈ బెల్టులతో అది బోర్లా పడటంలేదు. శనగపప్పు, బెల్లం తెచ్చి పెట్టాను. బొబ్బట్లు చేసేదా, ఆగేదా?"

"ఆగండి అమ్మమ్మగారూ. బెల్టులు తీశాక పడుతుంది."

"నా నడుం సంగతో మరి? ఇది తొక్కేదెప్పుడు?"

"దానికి ఏడాది పైనే పడుతుంది. అప్పటిదాకా నేను చూస్తాను, రండి" అన్నాను. పిల్లని కూతురి చేతికిచ్చి, చీర సర్దుకుని, అమ్మమ్మ నా చాప మీద బోర్లా పడింది.